హైదరాబాద్ సిద్దీలు: కవాతు ఫోటో, మర్ఫా దరువు

హైదరాబాద్‌లో మాసాబ్ ట్యాంక్‌ను ఆనుకుని ఏసీ గార్డ్స్ అనే పేట ఉంది. నిజాం సైన్యంలోని ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అనే ఆశ్విక దళం పేరే కుదించుకుపోయి ఆ పేటకు పేరయింది. దళంలో కొలువు చేసిన ఆఫ్రికా సంతతి రౌతులు కుటుంబాలతో ఇక్కడే కాపురముండేవారు. వారి మునిమనవలు ఇప్పటికీ ఇక్కడ ఉన్నారు. జనం వారిని సిద్దీలంటారు. పాత పర్షియన్ చరిత్రల్లో వారు హబ్షీలు. మతం ఇస్లాం, ఇంటి భాష దక్కనీ ఉర్దూ. వారి గతానికి నగరంలో రెండు ఆనవాళ్లు మిగిలాయి: కొన్ని పాత ఫోటోలు, మర్ఫా అనే వాద్యమేళం. ఫోటోలు వారిని వరసగా నిలబడ్డ సైనికులుగా చూపుతాయి. పెళ్లి, పండగ, పేటలో సాయంత్రపు సందడి వంటి మామూలు రోజుల జ్ఞాపకం మాత్రం ఎక్కువగా దరువులోనే దక్కింది. ఇలా ఎందుకు జరిగిందో తెలియాలంటే ఇద్దరి కథా చూడాలి: రౌతును దక్కన్‌కు తెచ్చిన దొరలు, ఆ రౌతుకు ఫోటో తీసిన వారు.

దక్కన్‌కు ఆఫ్రికన్లు రావడం నిజాములతో మొదలవలేదు. ఎర్ర సముద్రం, హిందూ మహాసముద్రం మీదుగా శతాబ్దాల పాటు నడిచిన వాణిజ్యంలో గుర్రాలతో పాటు మనుషులనూ అమ్మారు. ఇథియోపియా, తూర్పు ఆఫ్రికా తీరాల నుంచి బానిసలుగా వచ్చిన మగవారికి బహమనీ సుల్తానులు కత్తి చేతికిచ్చి సైన్యంలో చేర్చుకున్నారు. దక్కన్ రాజకీయాల్లో స్థానిక ముస్లిం ప్రభువులకు, ఇరాన్ వైపు నుంచి వచ్చిన వారికి మధ్య సాగిన తగవులో హబ్షీలు సాధారణంగా స్థానికుల పక్షం నిలిచారు. పుట్టిన ఊరి నుంచి బానిసగా వచ్చి, రాజ్యం నడిపే స్థాయికి ఎదిగిన వారూ వారిలో ఉన్నారు. అహ్మద్‌నగర్‌ను మొగలుల నుంచి ఏళ్ల తరబడి కాపాడిన మలిక్ అంబర్ ఇథియోపియాలో పుట్టి, పలు చేతులు మారి దక్కన్ చేరినవాడు. 1610లో అతడు స్థాపించిన ఖడ్కీయే తరువాతి ఔరంగాబాద్. అదే ఊరు తొలి ఆసఫ్ జాహీ నిజాములకు రాజధాని కూడా అయింది. 1626లో అతడు చనిపోయేనాటికి మొగలు సేనలు దక్కన్‌లో అతడిని దాటి ముందుకు పోలేకపోయాయి.

గోల్కొండలోనూ హబ్షీలకు పెద్ద పదవులు దక్కాయి. చివరి కుతుబ్‌షాహీ సుల్తాను అబుల్ హసన్ కాలపు సేనాని మియాన్ మిష్క్ పేరు పురానాపూల్ దాపున ఉన్న మసీదుతో, అత్తాపూర్‌లోని ముష్క్ మహల్‌తో నిలిచి ఉంది. హబ్సిగూడ, సిద్ది అంబర్ బజార్ వంటి పేట పేర్లనూ నగరవాసులు రోజూ పలుకుతారు. ఆ పేర్ల వెనక మనుషులున్నారన్న ఎరుక మాత్రం తక్కువ మందికే ఉంది.

ఏసీ గార్డ్స్ సిద్దీల పూర్వీకులు వీరి తరువాత చాలా కాలానికి వచ్చారు. 19వ శతాబ్దంలో వనపర్తి సంస్థానాధిపతి రాజా రామేశ్వరరావు ఆఫ్రికా సంతతి రౌతులతో ఒక దళం కట్టాడు. కాలక్రమంలో అది నిజాం కొలువుకు చేరి, ఆయన అంగరక్షక ఆశ్విక దళంగా మారింది. ఆనాటి హైదరాబాద్ రాజ్యంలో పలు జాతుల సైనికులుండేవారు. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బులు, రోహిల్లాలు, సిక్కులు ఎవరి జమేదార్ల కింద వారు కొలువు చేసేవారు. అరబ్బులు ఎక్కువగా స్థిరపడ్డ బార్కస్ ఇప్పటికీ వారి పేటే. సిద్దీ రౌతు ఇంటికి, అరబ్బు సైనికుడి ఇంటికి పెళ్లి సంబంధాలు కుదిరేవి. మర్ఫా చరిత్రకు ఈ సంబంధాలు చాలా ముఖ్యం. నల్లని మేను, ఎత్తైన మనిషి, మెరిసే యూనిఫాం, మేలు జాతి గుర్రం కలిసి కనిపిస్తే ఊరేగింపుకు వచ్చే దర్పాన్ని నిజాం దర్బారు బాగా గుర్తించింది. సిద్దీ దళం యుద్ధం కంటే ఠీవికి, కావలికి ఎక్కువగా పనికొచ్చింది. ఫోటోల్లో దక్కింది కూడా ఆ ఠీవే.

ఫోటో హైదరాబాద్‌లో వేళ్లూనింది రాజా దీన్‌దయాళ్‌తో. 1844లో మీరట్ దగ్గరి సర్ధానాలో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగ్ చదివి, ఇండోర్‌లో కెమెరా పట్టిన ఆయన 1880లలో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడయ్యాడు. సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపాడు. పరదా పాటించే స్త్రీల కోసం 1892లో హైదరాబాద్‌లో ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచి, దాన్ని ఒక ఇంగ్లీషు మహిళకు అప్పగించాడు. నిజాం ఆయనకు ముసవ్విర్ జంగ్ బిరుదిచ్చాడు. 1905లో ఆయన చనిపోయేనాటికి ఆయన స్టూడియోల్లో రాజభవనాలు, వేటలు, విందులు, సైన్యపు కవాతులు, దొరల కుటుంబాలు వేల గాజుపలకల మీదికి ఎక్కాయి. వాటిలో 2,800కు పైగా పలకలు ఇప్పుడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి. నిజాం రాజ్యపు చివరి శోభను కళ్లకు కట్టే సంపదగా దీనికి సాటి మరొకటి లేదు.

ఇంతటి పనిలో మామూలు మనిషి ఎక్కడున్నాడు? గుర్రం కళ్లెం పట్టుకుని, పల్లకీ మోస్తూ, వేటలో పడ్డ పులి వెనక నిలబడి కనిపిస్తాడు. అతడి పేరు కింద ఉండదు. ఫోటో తీయించేది డబ్బున్నవారు, చూసేదీ వారే. 1880లకల్లా డ్రై ప్లేట్లు వచ్చాయి. కదిలే మనిషిని క్షణంలో పట్టే వీలు కలిగింది. అందువల్ల సాంకేతిక పరిమితి మీద నెపం వేయడం కుదరదు. రౌతు సాయంత్రం కవాతు దిగి, అంగీ విప్పి, బిడ్డను ఎత్తుకుని గుమ్మంలో కూచున్న దృశ్యానికి డబ్బిచ్చే పోషకుడు లేడు.

పేదల మీదికి కెమెరా తిరిగిన మరో సందర్భం సర్కారు లెక్కల కోసం. బ్రిటిష్ ప్రభుత్వం 1868 నుంచి 1875 దాకా ఎనిమిది సంపుటాలుగా ‘పీపుల్ ఆఫ్ ఇండియా’ తెచ్చింది. హైదరాబాద్ రాజ్యంలో సయ్యద్ సిరాజ్ ఉల్ హసన్ 1920లో కులాలు, తెగల మీద పెద్ద గ్రంథం ప్రచురించాడు. ఇటువంటి పుస్తకాల్లో మనిషి తన జాతికి మచ్చుతునకగా నిలబడతాడు. తెలంగాణలో గార్ల, మానుకోట (మహబూబాబాద్), ఇల్లెందు అడవుల అంచున తండాలు కట్టుకున్న లంబాడీలు, కోయలు చదువుకున్న వారి కళ్లలో పడింది మొదట ఈ తరహా పుటల్లోనే. అద్దాల కుట్టు, గవ్వలు, దంతపు గాజులు స్పష్టంగా కనిపిస్తాయి. వేసుకున్న ఆమె ఎవరో తెలియదు. 1940 నుంచి నిజాం రాజ్యంలో తిరిగిన ఆస్ట్రియన్ మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ చెంచులు, కొండరెడ్లు, గోండులతో నెలల తరబడి ఉండి తీసిన ఫోటోల్లో పరిస్థితి కొంత మారింది. వంట, నాట్యం, పొలం పని, పిల్లల ఆట వాటిలోకి వచ్చాయి. గ్రామంలో కాపురమున్న వాడు తీసిన ఫోటోకు, కలెక్టరు కోసం వరసగా నిలబెట్టి తీసిన ఫోటోకు ఉండే దూరం అక్కడ తెలుస్తుంది. హైదరాబాద్ సిద్దీలకు అటువంటి హైమెండార్ఫ్ కూడా దొరకలేదు. వారు అడవిలో లేరు, రాజధాని నడిబొడ్డున ఉన్నారు. అందుకే ఆనాటి పరిశోధకులకు వింతగా తోచలేదేమో.

అట్లాంటిక్ అవతల నల్లజాతి వారి ఫోటోల చరిత్ర కూడా ఇలాగే అవమానంతో మొదలై, తరువాత వేరే దారి తొక్కింది. 1850లో దక్షిణ కరొలైనాలో బానిసలను నిలబెట్టి, జాతుల మధ్య హెచ్చుతగ్గులు నిరూపించాలనుకున్న శాస్త్రవేత్త అగాసీ కోసం డాగెరోటైపులనే తొలినాటి ఫోటోలు తీశారు. దానికి జవాబు నల్లవారి నుంచే వచ్చింది. బానిసత్వం నుంచి తప్పించుకుని మహావక్తగా ఎదిగిన ఫ్రెడరిక్ డగ్లస్ పనిగట్టుకుని స్టూడియోలకు వెళ్లి తన చిత్తరువులు తీయించుకున్నాడు. 19వ శతాబ్దపు అమెరికాలో అంతగా ఫోటోకెక్కినవారు లేరని చరిత్రకారులు లెక్క తేల్చారు. 1900 పారిస్ ప్రదర్శనలో నల్లజాతి మేధావి డబ్ల్యు.ఇ.బి. డుబాయిస్ నల్లవారి ఇళ్లు, బడులు, దుకాణాల ఫోటోలను ఆల్బమ్‌లుగా పెట్టి ప్రపంచానికి చూపాడు. న్యూయార్క్‌లో నల్లవారి పేట హార్లెంలో జేమ్స్ వాన్‌డర్‌జీ స్టూడియోలో పెళ్లికూతుళ్లు, కొత్త కారు కొన్నవారు, సంఘాల సభ్యులు దర్జాగా కూచుని తీయించుకున్నారు.

ఈ వరసలో రాయ్ డికరావా స్థానం ప్రత్యేకం. హార్లెంలో 1919లో పుట్టిన అతడు 1952లో గుగెన్‌హైమ్ ఫెలోషిప్ పొందిన తొలి నల్లజాతి ఫోటోగ్రాఫర్. అతడి ఫోటోలు పెద్ద సంఘటనలేవీ చూపవు. వంటింట్లో తల్లి, సబ్‌వే మెట్లెక్కే కూలీ, గదిలో నాట్యమాడే జంట, మాసిన గోడ పక్క పిల్ల కనిపిస్తారు. కవి లాంగ్‌స్టన్ హ్యూస్ ఆ ఫోటోలకు ఒక ముసలమ్మ గొంతుతో కథ అల్లగా 1955లో వచ్చిన చిన్న పుస్తకం ‘ద స్వీట్ ఫ్లైపేపర్ ఆఫ్ లైఫ్’. అదే డికరావా జాజ్ కచేరీల్లో కోల్ట్రేన్ వంటి వాద్యకారుల చీకటి నిండిన ఫోటోలు కూడా తీశాడు. వాటిని ఇంటి ఫోటోలతో కలిపి, చూసిన శబ్దం అనే భావంతో కూర్చిన పుస్తకం ‘ద సౌండ్ ఐ సా’ 2001లో గానీ అచ్చు కాలేదు. హార్లెంలోని స్టూడియో మ్యూజియం ఆ ఫోటోలను 1983లోనే ప్రదర్శించింది. ఫోటోలు వేలాడే గదిలోనే జాజ్ వాయించడం అమెరికా మ్యూజియంలకు ఇప్పుడు అలవాటైన పని. ఆ వాద్యకారులూ, గోడ మీది మనుషులూ ఒకే వీధుల వారు కనుక ఆ జత సహజంగా అమరుతుంది. ఇదంతా మ్యూజియంలు తమంతట తాము ఇచ్చినది కాదన్నదీ గుర్తుంచుకోవాలి. 1969లో న్యూయార్క్ మెట్రొపాలిటన్ మ్యూజియం హార్లెం మీద భారీ ఫోటో ప్రదర్శన పెట్టి, హార్లెం చిత్రకారుల కాన్వాసుల్లో ఒక్కటీ పెట్టకపోతే నల్ల కళాకారులు గుమ్మం ముందు నిరసనకు దిగారు. వాన్‌డర్‌జీ పేరు లోకానికి తెలిసింది ఆ ప్రదర్శనతోనే.

హైదరాబాద్‌లో ఫోటోకు, వాద్యానికి ఆ కలయిక జరగలేదు. వాద్యం ఒంటరిగానే నడిచింది, బాగానే నడిచింది.

మర్ఫా అంటే లోతు తక్కువగా ఉండే గిన్నె ఆకారపు తోలు వాద్యం. మెడకు తగిలించుకుని సన్నని పుల్లలతో వాయిస్తారు. దానితో డఫ్, ఢోల్ కలుస్తాయి. స్టీలు బిందె మీద కర్రలతో తాళం పడుతుంది. గాత్రం ఉండాలన్న నియమం లేదు. మేళమంతా ఒక దరువు పట్టి, తిప్పి తిప్పి వేగం పెంచుతూ పోతుంది. ముందు నిలబడ్డవారు కర్ర, కత్తి, జంబియా అనే వంపు బాకు తిప్పుతూ అడుగులేస్తారు. తోలు మూతలున్న వాద్యాలకు వాన రోజుల్లో సెగ చూపించి బిగువు తెచ్చుకోవాలి. ప్లాస్టిక్ మూతలు వచ్చాక ఆ పని తగ్గింది. ఇందులో యెమెన్ అరబ్బుల పాలెంత, ఆఫ్రికా పాలెంత అని విడదీసి చెప్పడానికి చాలామంది ప్రయత్నించారు. రెండు సమాజాలూ ఒకే కొలువులో, ఒకే పేటల్లో, చుట్టరికాలతో బతికాయి కనుక మర్ఫాను ఒకరి సొత్తుగా రాయడం సరికాదు. అరబ్బుల నడక మీద ఆఫ్రికా లయ పెనవేసుకున్న హైదరాబాదీ వాద్యమనడమే న్యాయం. నిజాం కాలంలో కోట లోపలి వేడుకలకు, సైనికుల పెళ్లిళ్లకు, ఉర్సులకు ఇది మోగేది.

1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాద్‌లోకి కదిలింది. నాలుగు రోజుల్లో నిజాం లొంగిపోయాడు. ఆ తరువాత సంస్థానపు సైన్యం రద్దయింది, ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ కూడా. గుర్రం, కత్తి తప్ప మరో పని నేర్వని ఇళ్లలో ఒక్కసారిగా జీతం ఆగింది. కొందరు డ్రైవర్లుగా, మెకానిక్కులుగా, కావలివారిగా పనులు వెతుక్కున్నారు. అప్పటిదాకా దర్బారులో, తమ వేడుకల్లో వాయించిన మర్ఫాయే అప్పుడు కూలి తెచ్చే వృత్తిగా మారింది. బయానా (ముందస్తు సొమ్ము) పుచ్చుకుని పెళ్లి బరాత్‌లకు, ఎన్నికల ఊరేగింపులకు, దుకాణం తెరిచే రోజుకు వెళ్లే మర్ఫా పార్టీలు ఏర్పడ్డాయి. రాజు ముందు వాయించిన మేళం ఎవరు పిలిస్తే వారి ముందు వాయించసాగింది. దానివల్ల మర్ఫా ప్రతిష్ఠ తగ్గిందని బాధపడేవారుండవచ్చు. అలా వీధి పట్టింది కనుకనే బతికిందన్నదే నిజం.

వీధిలోకి వచ్చాక అది సిద్దీల, అరబ్బుల దగ్గర ఆగలేదు. మూడు దెబ్బల దరువును తీన్మార్ అన్నారు. గణేశ్ నిమజ్జనం, బోనాలు, హిందూ పెళ్లిళ్ల బరాత్‌లు దాన్ని సొంతం చేసుకున్నాయి. డప్పు వాయించే మాదిగ కళాకారులు తమ దరువులతో దాన్ని కలిపారు. బ్రాస్ బ్యాండ్ వారు, ప్యాడ్ వాయించేవారు ఎత్తుకున్నారు. తెలంగాణ డప్పుకు తీన్మార్‌కు ముందే సొంత దరువుల సంపద ఉంది. అందువల్ల వీధిలో వినిపించే ఏ మోత ఎవరిదని గీత గీయడం అసాధ్యం. 2011లో ఒక పెద్ద సినిమాకు ‘తీన్మార్’ అనే పేరు పెట్టారు. టీవీలో ‘తీన్మార్ వార్తలు’ తెలంగాణ యాసతో ఇంటింటికీ చేరింది. మానుకోట జిల్లాలో నిజాం రైల్వే 1880లలో వేసిన లైను మీది గార్ల వంటి ఊళ్లలో బరాత్ బయల్దేరిందంటే, కుర్రకారు తీన్మార్ పడాలని బ్యాండు వారిని అడగడం మామూలే. ఆ దరువు వెనక మాసాబ్ ట్యాంక్ పక్కన కొలువు చేసిన నల్ల రౌతులున్నారని ఆడే వారికీ, వాయించే వారికీ తెలిసే అవకాశం తక్కువ. ఏ పాఠ్యపుస్తకమూ వారికి అది చెప్పలేదు.

తెలుగు పాఠకులకు నల్లవారి బతుకు మీద ఆసక్తి లేక ఇలా జరిగిందనలేము. అమెరికా నల్లజాతి రచయిత అలెక్స్ హేలీ ‘రూట్స్’ను సహవాసి తెలుగులోకి తెచ్చిన ‘ఏడు తరాలు’ 1980ల నుంచి ముద్రణ మీద ముద్రణ పడుతూనే ఉంది. పల్లెల్లోని యువజన సంఘాల గ్రంథాలయాల్లో సైతం చదివిన పుస్తకమది. గాంబియా నుంచి గొలుసులతో తరలించిన కుంటా కింటే కోసం కన్నీళ్లు పెట్టిన తెలుగు సమాజం, అదే ఖండం నుంచి అదే రకం వాణిజ్యంలో వచ్చి తన రాజధానిలోనే కాపురమున్న కుటుంబాల కథ రాయించుకోలేదు. ఇది దిద్దుకోవలసిన లోటు.

దేశంలో ఇతర చోట్ల సిద్దీల పరిస్థితి కొంత భిన్నం. గుజరాత్‌లోని రతన్‌పూర్‌లో గోరీ పీర్ దర్గా చుట్టూ సాగే గోమా నాట్యం, మలుంగా అనే విల్లు వాద్యం విదేశీ వేదికలకెక్కాయి. కర్ణాటకలో యల్లాపుర, హళియాళ అడవుల సిద్దీలను 2003లో షెడ్యూల్డు తెగల జాబితాలో చేర్చారు. ఫోటోగ్రాఫర్ కేతకీ సేఠ్ సిద్దీల ఇళ్లు, పిల్లలు, పెళ్లిళ్లను ఏళ్ల పాటు నలుపు తెలుపుల్లో తీసి 2013లో ‘ఎ సర్టెన్ గ్రేస్’ పేరుతో పుస్తకం తెచ్చారు. దాని కేంద్రం ప్రధానంగా గుజరాత్. హైదరాబాద్ సిద్దీలకు దక్కిన అధికారిక గుర్తింపు వేరు. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వెనకబడిన ముస్లిం వర్గాలకు బీసీ-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ చట్టం చేసినప్పుడు, అందులోని 14 వర్గాల జాబితాలో సిద్దీ, హబ్షీ పేర్లు చేరాయి. సంస్థానపు యూనిఫాం పోయాక ప్రభుత్వం వారిని పేరుతో గుర్తించిన ముఖ్యమైన సందర్భమిది.

మ్యూజియంలోకి సిద్దీల చరిత్ర వచ్చింది హైదరాబాద్‌లో కంటే ముందు హార్లెంలోనే. అక్కడ న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీకి చెందిన షాంబర్గ్ కేంద్రం 2013లో భారతదేశంలోని ఆఫ్రికన్ల మీద ప్రదర్శన పెట్టింది. చరిత్రకారిణి సిల్వియాన్ డియూఫ్, సేకరణకర్త కెన్నెత్ రాబిన్స్ కూర్చిన ఆ ప్రదర్శనలో దక్కన్ చిత్రాల్లోని మలిక్ అంబర్ మొదలు పాత ఫోటోల దాకా ఉన్నాయి. మరుసటి ఏడు అది ఢిల్లీలో ఇందిరాగాంధీ కళాకేంద్రానికి వచ్చింది. దీన్‌దయాళ్ గాజుపలకలు భద్రంగా ఉన్న సంస్థ కూడా అదే. వాన్‌డర్‌జీ, డికరావా కెమెరా పట్టిన పేటలోనే హబ్షీ సేనానుల బొమ్మలు గోడకెక్కడం ఆ చరిత్ర పొందిన గౌరవం.

హైదరాబాద్‌లో ఆ పనికి చోటు కొరత లేదు. చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాముల ఫోటోల గదులున్నాయి, విశాలమైన ముంగిట్లో కచేరీలు జరుగుతాయి. పురానీ హవేలీలో నిజాం మ్యూజియం, మూసీ ఒడ్డున సాలార్‌జంగ్ మ్యూజియం ఉన్నాయి. వీటన్నిటిలో దొరల చిత్తరువులు నిండుగా ఉన్నాయి. చేర్చవలసినది వేరే రకం సంపద: ఏసీ గార్డ్స్ ఇళ్లలోని పెళ్లి ఆల్బమ్‌లు, బడి గ్రూపు ఫోటోలు, మర్ఫా పార్టీ బరాత్‌లో తీయించుకున్న రంగు ఫోటోలు. గత యాభై ఏళ్లలో పేట పేటనా వెలసిన ఫోటో స్టూడియోలు, ఆ తరువాత సెల్‌ఫోన్లు దీన్‌దయాళ్ వదిలేసిన దృశ్యాలన్నీ తీశాయి. అవి పెట్టెల్లో, తేమకు అతుక్కుపోతున్న ఆల్బమ్‌లలో ఉన్నాయి. పేర్లు చెప్పగల పెద్దవారు బతికుండగానే వాటిని సేకరించాలి.

మర్ఫా వృత్తి కూడా ఇప్పుడు ఇరుకున పడింది. పెళ్లిలో ఆడంబరమని, మతదృష్టితో అభ్యంతరమని వద్దనే పెద్దలు నగరంలో ఉన్నారు. డీజే పెట్టెల మోత ముందు తోలు వాద్యం వినపడదు. రికార్డు చేసిన తీన్మార్ ఒక్క మీటతో మోగుతుంటే ఎనిమిది మందికి కూలి ఇచ్చేవారు తగ్గారు. 2024 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారు. చేతితో వాయించే మేళాలకు మళ్లీ చోటు దొరికే వీలు దానితో కొంత ఏర్పడింది. మర్ఫా పార్టీలలో సిద్దీలు, అరబ్బులతో పాటు ఇతర ముస్లిం కుటుంబాల కుర్రవాళ్లూ చేరుతున్నారు.